కంచె చేను మేయకుండా: ఫాక్స్‌పి3 ప్రోటీన్, నియంత్రక టి-కణాలు

టి-కణాలకు మూలమైన కణాలు మూలుగలో పుట్టి, థైమస్ గ్రంథిలో పరిణతి చెందుతాయని కిందటి విభాగంలో చదివారు. సొంత కణజాలాన్ని శత్రువుగా గుర్తించే టి-కణాలు చాలావరకు అక్కడే నశిస్తాయి. కానీ ఈ వడపోత సంపూర్ణం కాదు. తప్పించుకున్న కణాలు కంచే చేను మేసినట్లు మన దేహం మీదే పడాలి. చాలామందిలో అలా జరగదు. ఎందువల్ల?

ఈ ప్రశ్నకు జవాబు వైపు నడిపించినవి చిట్టెలుకలు. 1940వ దశకంలో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో రేడియేషన్ పరిశోధనల కోసం పెంచుతున్న ఎలుకల్లో కొన్ని మగపిల్లలకు చర్మం పొలుసులు కట్టి, ప్లీహం ఉబ్బి, కొద్ది వారాల్లోనే చనిపోయేవి. వీటికి ‘స్కర్ఫీ’ అని పేరు. జబ్బు మగవాటికే వస్తున్నందున లోపం ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉందని గ్రహించారు. అందులో ఏ జన్యువో తేలడానికి మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం దాన్ని గుర్తించింది. డీఎన్ఏలో రెండే రెండు క్షార జంటలు అదనంగా చేరడం వల్ల ఫాక్స్‌పి3 అనే ప్రోటీన్ అసంపూర్ణంగా తయారవుతోంది. మగశిశువుల్లో వచ్చే ‘ఐపెక్స్’ వ్యాధికీ ఈ జన్యులోపమే కారణం. ఆ బిడ్డల్లో ఆగని విరేచనాలు, మధుమేహం, చర్మవ్యాధి నెలల వయసులోనే మొదలవుతాయి.

జపాన్‌లో షిమోన్ సకగుచి 1995లోనే సీడీ25 గుర్తు గల టి-కణాలు ఇతర టి-కణాలను అదుపు చేస్తాయని చూపారు. ఆ కణాలను తీర్చిదిద్దేది ఫాక్స్‌పి3 అని 2003లో తేలింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక ఫాక్స్‌పి3 పనితీరు చూద్దాం. ఇది రక్తంలో తిరుగుతూ దాడులను ఆపే ప్రోటీన్ అని జవాబుపత్రాల్లో రాస్తుంటారు. అది సరికాదు. ఫాక్స్‌పి3 కణకేంద్రకంలో ఉండే అనులేఖన కారకం. డీఎన్ఏకు అంటుకుని కొన్ని జన్యువులను పనిచేయిస్తుంది, కొన్నింటిని ఆపుతుంది. టి-కణాల వృద్ధికి ఇంటర్‌ల్యూకిన్-2 అవసరం. ఫాక్స్‌పి3 ఉన్న కణం దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. కానీ దాన్ని అందుకునే సీడీ25 గ్రాహకాలు దాని మీద దండిగా ఉంటాయి. అంటే చుట్టుపక్కల టి-కణాల ఆహారాన్ని తానే లాగేసుకుంటుంది. అదుపు చేసే మార్గాల్లో ఇదొకటి.

ఇక్కడ మీకు సందేహం రావాలి. ఐపెక్స్ బిడ్డ తల్లిలో కూడా లోపమున్న జన్యువు ఒకటి ఉంటుంది కదా, ఆమె ఆరోగ్యంగా ఎలా ఉంది? స్త్రీల ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి నిద్రాణంగా ఉంటుంది. మంచి జన్యువు మేలుకుని ఉన్న కణాలే నియంత్రక కణాలుగా ఎదిగి, మిగతా టి-కణాలన్నింటినీ అదుపులో పెడతాయి. కాపలాదారులు అందరూ ఉండనక్కర్లేదు, చాలినంతమంది ఉంటే చాలు. ఐపెక్స్ బిడ్డకు మూలుగ మార్పిడి చేసినప్పుడు దాత కణాలు పాక్షికంగా నిలదొక్కుకున్నా వ్యాధి అదుపులోకి రాగలగడానికి కారణం ఇదే.