హీటరు రాడ్డు మొరాయిస్తోందా? ముందు ప్లగ్గు తీయండి

ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లే రోగికి, బాలింతకు, ముసలివాళ్లకు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించండని ఆసుపత్రిలో చెబుతుంటారు. వేంపల్లె చుట్టుపక్కల గదిని వేడిచేసే హీటర్ల అవసరం పెద్దగా రాదు. మన ఇళ్లలో హీటరంటే బకెట్టులో వేసే రాడ్డే. ఆ రాడ్డు ఒకరోజు సరిగ్గా కాగదు, ఒకరోజు ఇల్లంతా కరెంటు పడగొడుతుంది, ఇంకొకరోజు చేతికి జివ్వుమంటుంది. ఈ మూడూ ఒకటి కాదు. మొదటిది ఇబ్బంది మాత్రమే. మిగతా రెండూ ప్రాణానికి ముప్పు ఉందని చెప్పే సూచనలు. వీటి తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

నీళ్లు ఆలస్యంగా కాగుతుంటే

20 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు రావడానికి 1500 వాట్ల రాడ్డుకు సుమారు 20 నిమిషాలు పడుతుంది. 1000 వాట్ల రాడ్డుకు దాదాపు అరగంట కావాలి. వోల్టేజి 230 నుండి 180కి పడిపోతే 1500 వాట్ల రాడ్డు కూడా సుమారు 900 వాట్ల పనే చేస్తుంది. అప్పుడు 20 నిమిషాల పనికి అరగంట దాటుతుంది. ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ బల్బు మసకగా ఉంటే తప్పు రాడ్డుది కాదు, వోల్టేజిది. రోజూ ఇలాగే ఉంటే 1912 నంబరుకు ఫోన్ చేసి విద్యుత్ శాఖకు చెప్పండి.

అసలు కాగకపోతే

మొదట స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి చూడండి. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయా? ప్లగ్గు వేడెక్కి మెత్తబడిందా? 1500 వాట్ల రాడ్డు దాదాపు 6.5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. సెల్‌ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్టు, సన్న తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి చాలవు. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్టుకే తగిలించాలి.

ప్లగ్గు బాగుంటే రాడ్డును చూడండి. మన బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పొర కడుతుంది కదా, అదే సున్నం రాడ్డుకూ పడుతుంది. పొర మందమైతే లోపలి వేడి నీళ్లలోకి సరిగా పోక రాడ్డు మితిమీరి కాగుతుంది. చివరికి లోపలి తీగ తెగిపోతుంది, లేదా పై గొట్టం పగులుతుంది. నెలకొకసారి ప్లగ్గు తీసి, రాడ్డు చల్లారాక, నీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి చుట్టల భాగాన్ని మాత్రం గంటసేపు నానబెట్టి మెత్తని బ్రష్షుతో తోమండి. కత్తితో గీకవద్దు. తీగ తెగిన రాడ్డును, పగిలిన రాడ్డును బాగుచేయించాలని చూడవద్దు. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న కొత్తది కొనండి.

కరెంటు పడిపోతుంటే

మెయిన్ బోర్డులో టెస్ట్ బటన్ ఉన్న పరికరాన్ని ఆర్‌సీసీబీ అంటారు. 30 మిల్లీఆంపియర్ల కరెంటు దారి తప్పినా అది సరఫరాను ఆపేస్తుంది. రాడ్డు వేయగానే అది పడిపోతోందంటే రాడ్డులోంచి కరెంటు కారుతోందని అర్థం. 'ఇదొక పీడ' అని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపించుకోవద్దు. ప్రాణం కాపాడేదాన్ని మనమే తీసేసినట్టవుతుంది. ఆ రాడ్డును పక్కన పడేయండి. ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి.

జివ్వుమంటే

నీళ్లు గానీ బకెట్టు గానీ తాకితే కొంచెం జివ్వుమన్నా ఆ రాడ్డును మళ్లీ వాడకూడదు. చెప్పులు వేసుకున్నప్పుడు జివ్వుమని వదిలేసిన కరెంటే, తడి కాళ్లతో ఉన్నప్పుడు ప్రాణం తీయగలదు.

ఎర్తింగ్ కూడా చూపించుకోండి. మూడు పిన్నుల్లో లావుగా, పొడవుగా ఉండేది ఎర్తు పిన్ను. దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నులతో వాడవద్దు. మన సీమలో నేల ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయండి.

రోజూ పాటించవలసినవి

• ముందు రాడ్డును నీళ్లలో గుర్తు వరకు ముంచి, తరువాతే స్విచ్చి వేయాలి.
• ఇనుప బకెట్టు వాడవద్దు. ప్లాస్టిక్ బకెట్టుకు రాడ్డు ఆనకుండా చూడాలి.
• నీళ్లు కాగాయో లేదో చూడాలంటే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే చేయి పెట్టాలి. వైరింగ్ తారుమారై ఉంటే స్విచ్చి ఆపినా రాడ్డులో కరెంటు ఉండవచ్చు.
• చాలా రాడ్లు నీళ్లు కాగాక వాటంతట అవి ఆగవు. పెట్టి మరచిపోవద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు.
• షుగరు వల్ల కాళ్లు తిమ్మిరి పట్టినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు వేడి తెలియదు. వాళ్లకు నీళ్లు పోసేముందు మీ మోచేతితో వేడి చూడండి.

ప్రమాదం జరిగితే

షాకు కొట్టిన మనిషిని వెంటనే పట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో వైరును తప్పించండి. 108కి ఫోన్ చేయండి. పిలిచినా పలకక, ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుండి 120 సార్లు, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూ ఉండండి. నోట్లో నీళ్లు పోయవద్దు. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రిలో చూపించాలి.

వేడినీళ్లు పడి కాలితే 20 నిమిషాలు మామూలు నీళ్ల ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయవద్దు.

ఎన్నో రాత్రులు మేలుకొని మీరు కాపాడుకున్న మనిషి ఇంటికి వచ్చారు. కొన్ని వందల రూపాయల రాడ్డు కోసం ఆ ప్రాణాన్ని పణంగా పెట్టకండి. అనుమానం వచ్చిన రోజు నీళ్లు పొయ్యి మీదే కాగబెట్టండి. దేవుడు మీ ఇంటిల్లిపాదినీ చల్లగా కాపాడును గాక.