గాలిని లెక్కపెట్టిన మనిషి

పిల్లలూ! సీసాలో గాలి పట్టటం కూడా ఒక పనేనా అని మీరు నవ్వవచ్చు. కాని అదంత సులువు కాదు. ముందు గాజుసీసాలోని గాలినంతా లాగేసి మూత బిగించాలి. తరవాత ఆరుబయట గాలికి ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి, మూత తిప్పాలి. గాలి బుస్సుమని లోపలికి పోతుంది. ఊపిరి బిగబట్టటం దేనికంటారా? మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు గాలి, బయట ఉన్నదానికి సుమారు నూరు రెట్లు ఉంటుంది. మీ పాఠాలలో కార్బన్ డయాక్సైడ్ అనేది దీన్నే. ఒక్క నిట్టూర్పు సీసాలో పడిందంటే లెక్కంతా తారుమారే!

ఈ పనికే జీవితమంతా ధారపోసినవాడు చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. 1955లో ఆయన కాలిఫోర్నియాలోని బిగ్ సర్ అడవిలో పడుకుని, రాత్రిళ్లు మాటిమాటికీ లేచి సీసాలు నింపేవాడు. గాలిలో బొగ్గుపులుసు గాలి ఎంత ఉన్నదో అప్పటికి ఎవరికీ రూఢిగా తెలియదు. ఒక్కొక్కరిది ఒక్కొక్క లెక్క. చెట్ల దగ్గర అది రాత్రి పెరిగి పగలు తగ్గుతున్నదనీ, మధ్యాహ్నంపూట మాత్రం ఎక్కడ చూసినా దాదాపు ఒకే మాదిరిగా ఉంటున్నదనీ కీలింగ్ కనిపెట్టాడు.

అయితే ఏళ్ల తరబడి కొలవటానికి చెట్లూ ఫ్యాక్టరీలూ లేని చోటు కావాలి. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవిలో మౌనా లోవా అనే కొండ ఉన్నది. అది అగ్నిపర్వతమే! దాని పొగ ఇటు వీచినప్పటి లెక్కలను పక్కన పెట్టేస్తారు. ఆ కొండమీద, 3,400 మీటర్ల ఎత్తున, 1958 మార్చిలో కీలింగ్ యంత్రం పని ప్రారంభించింది. మొదటి లెక్క, పదిలక్షల పాళ్లలో 313 పాళ్లు. అంటే పదిలక్షల బియ్యపు గింజలలో 313 నువ్వుగింజలు కలిపినట్టు!

ఏప్రిల్‌లో లెక్క పెరిగింది, మే నెలలో ఇంకా పెరిగింది. ఆ తరవాత తగ్గసాగింది. ఇదంతా పొంతన లేకుండా పోతుందేమోనని కీలింగ్‌కు బెంగ పట్టుకున్నది. కాని మరుసటి ఏడూ సరిగా అలాగే జరిగింది! సంగతేమిటంటే, భూమికి ఉత్తరభాగంలో నేల ఎక్కువ, చెట్లు ఎక్కువ. వేసవిలో అవి ఆకులు తొడిగి బొగ్గుపులుసు గాలిని పీలుస్తాయి. చలికాలంలో రాలిన ఆకులు కుళ్లి దాన్ని తిరిగి వదులుతాయి. భూమి ఏడాదికొకసారి ఊపిరి తీస్తున్నదన్నమాట.

ఇందులోనే మరో విషయం బయటపడింది. భూమి వదిలినంతా తిరిగి పీల్చటం లేదు. ఏటికేడు కొంత మిగులుతున్నది. ఆ మిగులు మనం తవ్వి తగలబెట్టే బొగ్గూ, పెట్రోలూ వల్ల వచ్చినదే.

మిగిలితే ఏమి నష్టం? ఆ యంత్రమే చెబుతుంది. దానిలో గాలిగుండా కంటికి కనపడని వేడికిరణాలను పంపుతారు. బొగ్గుపులుసు గాలి ఎంత ఉంటే అంత వేడిని అది పట్టేసుకుంటుంది. దాన్నిబట్టే లెక్క కడతారు. ఎండకు కాగిన నేలనుంచి ఆకాశంలోకి పోవలసిన వేడిని కూడా అది అలాగే పట్టేస్తుంది. భూమి వేడెక్కటానికి ముఖ్యకారణం అదే.

ఇంత విలువైన లెక్కకు 1964లో డబ్బు లేకపోయింది! ఆ వసంతకాలంలో కొంతకాలం కొలతలు ఆగిపోయాయి. రోజూ అదే అంకె రాసుకోవటానికి డబ్బెందుకని పెద్దలకు తోచటం వింతేమీ కాదు. కీలింగ్ మాత్రం పట్టు వదలలేదు. ఎలాగో డబ్బు సంపాదించి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఖాళీ ఇప్పటికీ ఆయన గీతలో కనిపిస్తుంది.

2005లో ఆయన చనిపోయాడు. కొడుకు రాల్ఫ్ కీలింగ్ ఆ పనిని అందుకున్నాడు. రాల్ఫ్ అంతకుముందే గాలిలోని ప్రాణవాయువును అతి సూక్ష్మంగా కొలిచే ఉపాయం కనిపెట్టినవాడు. ఇంధనం మండినకొద్దీ అది రవంత తగ్గుతూ వస్తున్నది. 2022 నవంబరులో మౌనా లోవా బద్దలై, లావా దారినీ కరెంటు తీగలనూ తెంపేసింది. డిసెంబరులోనే పక్కనున్న మౌనా కియా కొండమీద కొలవటం మొదలుపెట్టారు.

ఇక మన బియ్యం, నువ్వుల లెక్క చూడండి. మీ నాన్నగారు 1985లో పుట్టి ఉంటే, అప్పటికి నువ్వుగింజలు 346. మీరు 2015లో పుట్టి ఉంటే 401. 2024లో 424 దాటాయి.