రోగి కూడా చికిత్సకు ఒక పాదమే

చికిత్స అనగానే చాలామందికి వైద్యుడు, మందు మాత్రమే గుర్తుకు వస్తాయి. ఆయుర్వేదం ఈ రెండింటితో సరిపెట్టుకోలేదు. చరకసంహిత సూత్రస్థానం 9వ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు. వాటిలో రోగికి ఉండవలసినవి స్మృతి, అనగా విషయం జ్ఞాపకం ఉంచుకోవడం. నిర్దేశకారిత్వం, చెప్పిన విధంగా నడుచుకోవడం. అభీరుత్వం, భయపడకుండా ఉండడం. జ్ఞాపకత్వం, తన బాధను ఉన్నదున్నట్లు వైద్యునికి తెలియజేయడం.

ఈ గుణాలు రోగికి అలవడాలంటే వైద్యుడు ఓపికగా నేర్పాలి. మేము గురుకులంలో చదువుకొన్న రోజులలో పాఠం విన్నంతమాత్రాన సరిపోయేది కాదు. మరునాడు అప్పజెప్పవలసి ఉండేది. రోగి విషయంలోనూ అదే మంచి పద్ధతి. పథ్యం, మందు వేళలు చెప్పిన తరువాత, "ఇంటికి వెళ్ళి ఏమి చేస్తారో మీరు చెప్పండి" అని అడిగితే, ఆయనకు ఎంతవరకు బోధపడిందో వెంటనే తెలుస్తుంది.

మధుమేహాన్ని ఉదాహరణగా తీసుకొందాం. పామర్రు, గుడివాడ, దివిసీమ పల్లెలలో వరి పండించేవారు ఊడ్పుల కాలంలో గంటల తరబడి వట్టికాళ్ళతో బురదలో నిలబడతారు. మధుమేహం ముదిరితే పాదాలలోని నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. చరకుడు నిదానస్థానంలో ప్రమేహ పూర్వరూపాలు చెబుతూ, చేతులలోను పాదాలలోను తిమ్మిరి, మంట కలుగుతాయన్నాడు. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకొన్నా, గాజుపెంకు కోసుకొన్నా తెలియదు. "నొప్పి లేదు గదా" అని రోగి ఊరుకొంటాడు. నిజానికి ఇక్కడ నొప్పి లేకపోవడమే అపాయసూచన. ఈ ఒక్క సంగతి ముందుగా తెలియక, చిన్న పుండు కుళ్ళి కాలు తీసివేయవలసిన స్థితికి వచ్చేవారున్నారు.

కావున మధుమేహరోగులు ఈ క్రింది విషయాలు నేర్చుకోవాలి.

1. ప్రతి రాత్రి పాదాలు కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాళ్ళను అద్దంలో చూసుకోవాలి. చూపు ఆననివారికి ఇంటివారు చూడాలి.

2. అప్పుడప్పుడు కళ్ళు మూసుకొని కూర్చోవాలి. ఇంటివారు రెండు పాదాల బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలి కొసలను మెల్లగా తాకాలి. ఈ ఆరింటిలో రెండుగాని అంతకుమించిగాని తెలియకపోతే స్పర్శ తగ్గినదని గ్రహించి వైద్యునికి చూపించాలి.

3. తిమ్మిరి పోతుందని పాదాలను వేడినీళ్ళలో ఉంచరాదు, కాపడం పెట్టరాదు. వేడి తెలియక బొబ్బలెక్కుతాయి.

4. పుండు, వాపు, ఎరుపు, నలుపు ఏది కనిపించినా పసుపో, ఆకుపసరో పూసి రోజులు గడపరాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

జ్ఞాపకత్వం గురించి మరొక్క మాట. కాకరరసం, మెంతులు, పొడపత్రి వాడుతూ, ఆ సంగతి మాత్రలిచ్చే వైద్యునికి చెప్పనివారు చాలామంది. రెండూ కలిసి రక్తంలో చక్కెర మరీ తగ్గిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి దీని గుర్తులు. స్పృహ ఉన్నప్పుడే వెంటనే పంచదార నీళ్ళు త్రాగించాలి. స్పృహ తప్పితే నోట ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చాలి. ఇన్సులిన్‌ను, మాత్రలను ఎవరి మాట విని గాని స్వయంగా మానరాదు.

తన శరీరం సంగతి తెలిసిన రోగి వైద్యునికి బరువు కాడు, తోడవుతాడు. మీ ఇంట మధుమేహరోగి ఉంటే ఈ నాలుగు నియమాలూ చదివి వినిపించండి. తరువాత పుస్తకం మూసి, వారి చేత అప్పజెప్పించుకోండి.