పొలంగట్టున పక్షుల పట్టిక: పౌర విజ్ఞానంలో నమోదు మెలకువలు

కలివి కోడి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటపడలేదు. అది అంతరించినట్లే పలువురు భావించారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వెదకించగా, 1986 జనవరిలో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి చూపాడు. శాస్త్రానికి ఎనభై ఆరేళ్లుగా లేని పక్షి ఆ నేలపైనే బతికి ఉన్నది. లేనిది దాని నమోదు మాత్రమే.

పొరుగున ఉన్న తిరుపతి, చిత్తూరు జిల్లాలలోనూ ఈ లోటు తక్కువేమీ కాదు. శేషాచలం 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమైనది. అడవి లోపలి జీవజాలంపై పరిశోధకుల దృష్టి ఉన్నది. వేరుశనగ చేలు, మామిడి తోటలు, చెరువు కట్టల వద్ద నిత్యం తిరిగేవారు మాత్రం రైతులు, విద్యార్థులు, విస్తరణ సిబ్బందే.

నమోదుకు ఎక్కువగా వాడుకలో ఉన్న వేదికలు రెండు. ఐనాచురలిస్ట్‌లో ఒక్కొక్క ప్రాణి ఫొటోను తేదీ, స్థలంతో చేర్చగా ఇతరులు జాతిని నిర్ధారిస్తారు. కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర ప్రయోగశాల 2002లో ప్రారంభించిన ఈబర్డ్ పద్ధతి వేరు. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, గుర్తించిన జాతులు ఏవి, ఒక్కొక్కటి ఎన్ని అనే వివరాలతో పూర్తి పట్టిక ఇవ్వాలి. కాకి, గోరింకలను కూడా వదలరాదు.

విద్యార్థులు తరచు పొరపడేది ఇక్కడే. అరుదైన పక్షినే రాయదగినదిగా తలచి, సాధారణ పక్షులను విడిచిపెడతారు. నిజానికి పట్టికలో లేకపోవడం కూడా సమాచారమే. నూరు పూర్తి పట్టికలలో ఒకప్పుడు 40 చోట్ల కనిపించిన పాలపిట్ట నేడు 28 చోట్ల మాత్రమే కనిపించినదనుకొంటే, తగ్గుదల 30 శాతం. కనిపించిన రోజున మాత్రమే రాసేవారి లెక్కలలో ఈ తగ్గుదల ఎన్నటికీ బయటపడదు. ఇది ఊహాగణితం కాదు. 30 వేలమంది పరిశీలకుల 3 కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతులను సమీక్షించిన 2023 భారత పక్షుల స్థితి నివేదిక, పాలపిట్ట సుమారు 30 శాతం తగ్గినదని తేల్చింది. మిడతలను, పురుగులను తినే పక్షి తగ్గుతున్నదన్న విషయం సస్యరక్షణ విభాగాలకు పట్టనిది కాజాలదు.

ఏనుగుల సంగతి వేరు. 1980ల నుండి పలమనేరు, కుప్పం వైపు వస్తున్న గుంపుల వల్ల వరి, చెరకు, అరటి రైతులు నష్టపోతున్నారు. రాత్రివేళ దగ్గరకు వెళ్లి ఫొటో తీయడం ప్రాణాపాయం. మరునాటి ఉదయం అడుగుజాడలు, పేడ, నలిగిన పైరు, వచ్చిన దిశ నమోదు చేస్తే చాలు. పంటనష్టాన్ని ముందుగా అటవీశాఖకు తెలపాలి. వేదికలో నమోదు ఆ ఫిర్యాదుకు ప్రత్యామ్నాయం కాదు.

స్థలం తెలపడంలోనూ విచక్షణ అవసరం. నక్షత్ర తాబేలు, దేవాంగ పిల్లి వంటివి అక్రమ రవాణాకు గురవుతున్నవి. ముప్పున్న జాతులుగా గుర్తించిన వాటి కచ్చితమైన స్థానాన్ని ఐనాచురలిస్ట్ బహిరంగంగా చూపక, విశాలమైన చతురస్రంలో మరుగుపరుస్తుంది. ఊరి పేరు, గుట్ట పేరు రాసి వాట్సాప్ గుంపులో పెట్టిన ఫొటోకు అటువంటి మరుగు ఏదీ లేదు.