బాల్యపఠనము – రచనాకాంక్ష

కావ్యమునకు కారణమేది యను ప్రశ్నకు మన ఆలంకారికులు చిరకాలము క్రిందటనే సమాధానము చెప్పియున్నారు. శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును కలిసి కావ్యహేతువగునని మమ్మటుడు నిరూపించెను. లోకమును, శాస్త్రములను, పూర్వకావ్యములను పరిశీలించుటచే నిపుణత కలుగును. కావ్యమెరిగిన వారి శిక్షణలో మరల మరల యత్నించుట అభ్యాసము. ఈ నిరూపణమున పఠనమునకు స్థానము కలదు. కాని అది కవి కాగోరువాడు చేయు పఠనము. అసలు కవి కావలెనను కోరిక ఎచ్చట పుట్టును? ఆ కోరిక పెక్కుమారులు చిన్ననాట చదివిన పుస్తకమునుండియే పుట్టుననియు, తొలి రచన ఆ పఠనమునకు ఛాయగా వెలువడుననియు, ఆ ఛాయను దోషముగా గాక ఆరంభముగా గ్రహింపవలెననియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

మొదట కందుకూరి వీరేశలింగము పంతులుగారిని (1848–1919) చూతము. రాజమహేంద్రవరమున ఆయన ఐదవయేట బడిలో ప్రవేశించి బాలరామాయణము, ఆంధ్రనామసంగ్రహము, అమరము, రుక్మిణీ కల్యాణము, సుమతీ శతకము, కృష్ణ శతకము నేర్చెను. ఆనాటి వీధిబడిలో చదువుట యనగా కంఠస్థము చేయుట. అర్థము తెలియుటకు ముందే పద్యపు నడక చెవికి పట్టుబడును. యతిప్రాసలు సూత్రములుగా గాక అలవాటుగా నాలుకకు వచ్చును. శతకమునకు మరియొక సౌలభ్యము కలదు. అందు ప్రతిపద్యమును స్వతంత్రము. మకుటము ముందే సిద్ధముగా నుండును. మిగిలిన పాదములను తానును పూరింపగలనను ధైర్యము బాలునకు కలుగుట సహజము. పంతులుగారి తొలి రచనలలో మార్కండేయ శతకము, గోపాల శతకము ఉండుట యాదృచ్ఛికమని తలపరాదు. పిమ్మట ఆయన ఆంగ్ల సాహిత్యమును చదివెను. 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడనారంభించి, 1880లో పుస్తకరూపము దాల్చిన ‘రాజశేఖర చరిత్రము’పై గోల్డ్‌స్మిత్ నవల ఛాయ సుస్పష్టము. పఠనము మారగా రచనయు మారెను. కాని వ్రాయగలనను నమ్మకము మాత్రము శతకముల నాటిదే యని నా అభిప్రాయము.

గురజాడ అప్పారావుగారి (1862–1915) విషయము దీనికి తోడ్పడుచున్నది. ఆయన విద్యార్థిదశలో, 1883లో, ‘సారంగధర’ కావ్యమును ఆంగ్లమున రచించెను. కథ మనది, భాష పాఠశాలలో చదివిన కవిత్వపు భాష. తెలుగు వాడుకభాషకు పిదప అంతటి గౌరవము తెచ్చిన కవి తొలుత పరభాషలో వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని చదివిన భాషయే కలకును భాష యగునని గ్రహించినచో వింత యుండదు. ఆ కావ్యమును మెచ్చిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మాతృభాషలో వ్రాయుమని ఆయనను ప్రోత్సహించెను. 1892లో ప్రదర్శితమై 1897లో ముద్రితమైన ‘కన్యాశుల్కము’ ఆ మార్గమున లభించిన ఫలము. ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. ముఖర్జీ ఆ యువకుని అనుకరణను ఎగతాళి చేయలేదు; మెచ్చుకొని దారి మరల్చెను.

పుస్తకము చేతికందని బిడ్డల మాటేమి? భండారు అచ్చమాంబగారు (1874–1905) బడికి పోయి చదివినవారు కారు. బాల్యముననే వివాహమైనది. తమ్ముడగు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా ఆయనతోబాటు తానును నేర్చుకొనిరి. అట్లు నేర్చిన విద్యతో స్త్రీల చరిత్రములను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించిరి, కథలును వ్రాసిరి. తాము చదువగోరిన పుస్తకము లోకమున లేనప్పుడు దానిని తామే వ్రాయుటయు రచనాకాంక్షకు ఒక మూలమని ఈ గ్రంథము తోపజేయుచున్నది. ఆ తమ్ముడే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనమునకును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనమునకును పాటుపడెను. ఒక యింటిలో అక్కాతమ్ములు పంచుకొన్న పుస్తకములు ఇట్లు ఊరివారి పుస్తకములైనవి. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములను కూడ ఈ దృష్టితో చూడవలెను. అవి పాఠకులను మాత్రమేగాక కాబోవు రచయితలను కూడ పోషించినవి.

పరిశోధక విద్యార్థులు ఇచ్చట ఒక జాగ్రత్త వహింపవలెను. రచయితలు తమ బాల్యపఠనమును గూర్చి చెప్పు మాటలు సాధారణముగా కీర్తి వచ్చిన పిమ్మట వ్రాసినవి. పెద్దవాని జ్ఞాపకము బాలుని అనుభవమును సవరించుట కలదు. గొప్ప కావ్యమును తలచికొనువారు చవుకబారు కథల పుస్తకమును మరచుటయు కలదు. కావున స్వీయచరిత్రను ఒంటరి సాక్ష్యముగా గైకొనక, తొలి రచనతో సరిపోల్చవలెను. రచయిత దాచిన పఠనమును అతని తొలి పద్యముల ఛందస్సు, తొలి కథల మలుపులు బయటపెట్టును. అపరిపక్వములని మనము ప్రక్కకు నెట్టు రచనలే ఈ విషయమున విలువగల ఆధారములు.

ఉపాధ్యాయులకు ఇందలి ఫలితార్థము మరింత ముఖ్యమైనది. నేటి పాఠ్యపుస్తకము బాలునకు గ్రంథమునుండి తునకను చూపును. తునకనుండి ప్రశ్న, ప్రశ్ననుండి మార్కు పుట్టును. కల పుట్టుట అరుదు. సంపూర్ణ గ్రంథమును తుదివరకు చదివిన బాలుడే ‘ఇట్టిది నేనును వ్రాసెదను’ అని తలచును. 1947 జూలైలో ఆరంభమైన ‘చందమామ’ తెలుగు బాలురకు నెలనెలా కథలను మొదలునుండి తుదివరకు అందించెను. ఆ పత్రిక నేడు వెలువడుటలేదు. ఆ లోటును తరగతిగదిలోని ఒక అలమార కొంతవరకైనను తీర్చగలదు.

రేపు ఒక విద్యార్థి తన నోటుపుస్తకమును మన ముందుంచవచ్చును. అందలి పద్యము సుమతీ శతకపు పద్యమువలెనే యుండవచ్చును. ‘ఇది నీది కాదు’ అని మనము దానిని త్రోసివేసినచో అతడు మరల వ్రాయకపోవచ్చును. ‘దీనికి ముందు ఏమి చదివితివి?’ అని అడిగి, మరియొక పుస్తకమును చేతికిచ్చినచో, మమ్మటుడు చెప్పిన అభ్యాసము ఆ క్షణముననే ఆరంభమగును.