777 సినిమాల కైకాల: ఆ అంకెలో ఏముంది?

పెదపారుపూడి నుంచి గుడివాడ మీదుగా బందరు వెళ్లే దారిలో, గుడ్లవల్లేరు దాటాక కౌతవరం వస్తుంది. కైకాల సత్యనారాయణ 1935 జూలై 25న పుట్టిన ఊరు అది. ఈ చుట్టుపక్కలే నిమ్మకూరులో ఎన్టీఆర్, రామాపురంలో అక్కినేని, పెదపారుపూడిలో రామోజీరావు పుట్టారు. సినిమాల లెక్కకొస్తే మాత్రం కైకాలదే పైచేయి.

పరిశ్రమ చెప్పుకునే అంకె 777. ఎన్టీఆర్‌వి సుమారు 300, అక్కినేనివి 250 పైచిలుకు. రెండూ కలిపినా కైకాల లెక్కను అందుకోవు. హీరో ఒక్క సినిమాకే నెలల తరబడి కాల్షీట్లు ఇవ్వాలి. విలన్, తండ్రి, అన్న వేషాలు కొద్ది రోజుల్లో పూర్తవుతాయి కాబట్టి ఒకేసారి నాలుగైదు షూటింగులు నడుస్తాయి. 1959లో ‘సిపాయి కూతురు’ నుంచి 2019లో ‘మహర్షి’ దాకా సగటు తీస్తే ఏడాదికి 13 సినిమాలు. చివరి రోజుల్లో చేసినవి కొన్నే కనుక, జోరు మీదున్న కాలంలో ఆయన ఎంత పనిచేశారో ఊహించుకోవచ్చు.

ఈ 777లో పౌరాణికాలు 28, జానపదాలు 51, చారిత్రకాలు 9. మొత్తం 88, అంటే నూటికి పదకొండే. అయినా జనానికి ముందు గుర్తొచ్చేది ఆ కిరీటం పెట్టిన కైకాలే. గుడివాడ కాలేజీ రోజుల్లో నాటకాలాడిన గొంతు ఆయనది. మైకు లేకపోయినా చివరి వరుసకు చేరాలన్న రంగస్థల శిక్షణ ఆ డైలాగుల్లో వినిపిస్తుంది.

1977నే చూడండి. జనవరి 14న ‘దానవీరశూర కర్ణ’, ‘కురుక్షేత్రం’ ఒకేరోజు విడుదలయ్యాయి. మొదటిదాంట్లో ఆయన భీముడు, రెండోదాంట్లో దుర్యోధనుడు! ఒకే సంక్రాంతికి ఆ గదాయుద్ధంలో రెండు పక్షాలూ ఆయనవే. అదే ఏడాది ‘యమగోల’లో యముడయ్యారు. 1974లో ఎస్వీ రంగారావు పోయాక అలాంటి భారీ పాత్రలను మోసేదెవరన్న ప్రశ్నకు జవాబు ఆ ఏడాదే దొరికిందని నా అభిప్రాయం. అయితే కరుకు వేషాలే ఆయన బలం అనుకోవడం పొరపాటు. 1973లో విశ్వనాథ్ తీసిన ‘శారద’లో ఆయన వేసిన అన్న పాత్ర చూడండి, ఎంత మెత్తగా ఉంటుందో!

1996లో తెలుగుదేశం తరఫున మచిలీపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ సభ రెండేళ్లు కూడా నిలవలేదు. 2011 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు అందుకున్నారు. ఆ వెంకయ్యదీ బందరే.

2022 డిసెంబరు 23న, 87 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. అరవై ఏళ్ల నటనకు ఒక్క పద్మ పురస్కారమూ దక్కలేదు. ఇది అన్యాయమే. మరణానంతరం ఇవ్వడం కొత్తేమీ కాదు, 2021లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి పద్మవిభూషణ్ అలాగే ఇచ్చారు. రెండు తెలుగు రాష్ట్రాలూ కైకాల పేరును కేంద్రానికి సిఫారసు చేయాలి.