మీకు తెలుసా? ఒకే పట్టాలపై రెండు ఇంజన్లు

2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో రెండు రైలింజన్లను ఒకే పట్టాల మీద కావాలనే ఎదురెదురుగా నడిపించారు. ఒకదాంట్లో సాక్షాత్తూ రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదాంట్లో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉన్నారు!

లింగంపల్లి-వికారాబాద్ మార్గంలో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య జరిగిందీ పరీక్ష. బ్రేకులు వాటంతటవే పడి, ఎదుటి ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే ఇంజను ఆగిపోయింది. ఆపింది ‘కవచ్’ వ్యవస్థ. పట్టాల మధ్య బిగించిన ట్యాగులను చదివి రైలు ఎక్కడుందో ఇంజనులోని పరికరం తెలుసుకుంటుంది, రేడియో ద్వారా ఆ కబురు స్టేషన్‌కు చేరుస్తుంది. ప్రయాణికుల రైళ్లలో దీని క్షేత్ర పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలైంది కూడా సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోనే.

మరి ఢీకొన్నా గాయపడకుండా రైల్లో సీటు బెల్టులు పెడితే సరిపోదా? యూరోపియన్ యూనియన్ దేశాల్లో బెల్టు ఉన్న దూరప్రాంత బస్సెక్కితే పెట్టుకోవాల్సిందే. రైళ్ల లెక్క వేరు. బెల్టు లాగుడును తట్టుకునేలా సీట్లను గట్టిగా చేస్తే, బెల్టు పెట్టుకోనివారు వాటికి గుద్దుకుని మరింత గాయపడతారని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం తేల్చింది. రైళ్లు అసలు ఢీకొనకుండా చూడటమే మేలైన రక్షణ. కవచ్ ప్రతి మార్గానికీ త్వరగా చేరాలి.